తాత ఇచ్చిన ఆయిలింజను

గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక తాత ఉండేవాడు. ఆయనకు ఒక ఆయిలింజను ఉండేది. ఐదు హార్స్‌పవరు ఇంజను. డీజిలుతో నడుస్తుంది. ఏటి మడుగులో నీళ్లు తోడి చేనుకు పారించేది. ఊళ్లో ఎవరి ఇంజను ఆగినా తాతే వెళ్లి బాగుచేసేవాడు. అందుకే అందరూ ఆయన్ను ఇంజను తాత అనేవారు.

తాతకు ఒక కొడుకు, ఒక కూతురు. కూతురి బిడ్డ చిన్నప్పుడు తాత వెంటే తిరిగేది. తాత ఇంజను విప్పుతుంటే పక్కన కూర్చుని పానాలు అందించేది.

"పదో నంబరు పానా ఇయ్యమ్మా. ఇప్పుడు పదమూడు" అనేవాడు తాత.

ఆమె బడికి పోలేదు. అంకెలు పానాల మీద నేర్చుకుంది. అక్షరాలు మాత్రం పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక రాత్రిబడిలో నేర్చుకుంది.

తాత మంచాన పడ్డాడు. నాలుగేళ్లు ఇంజనును ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత తాత కాలం చేశాడు.

కాగితంలో ఏముంది?

పెద్దకర్మ అయింది. తాత ట్రంకుపెట్టె తెరిచారు. అందులో ఒక కాగితం, ఒక పాత నోటుబుక్కు ఉన్నాయి. మేనమామ కొడుకు కాగితం తీసుకోబోయాడు.

"ఇటియ్యి బావా, నేను చదువుతా" అంది మనవరాలు.

కూడబలుక్కుని చదివింది. 'నా కష్టార్జితమైన ఆయిలింజను, ఏటి ఒడ్డు అరెకరం చేను నా మనవరాలికి చెందాలి' అని ఉంది. కింద తాత సంతకం ఉంది. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి.

"ఇది తెల్లకాగితం. స్టాంపు లేదు. రిజిస్ట్రీ లేదు. చెల్లదు" అన్నాడు బావ.

ఆమె గొడవ పడలేదు. కోర్టు దగ్గరున్న న్యాయసేవల కమిటీకి వెళ్లింది. 1987లో వచ్చిన చట్టం ప్రకారం అక్కడ ఆడవాళ్లకు ఉచితంగా న్యాయ సహాయం చేస్తారు. వకీలు కాగితం చూశాడు.

"వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదమ్మా. రిజిస్ట్రీ చేయిస్తే మంచిదే, కానీ తప్పనిసరి కాదు. రాయించిన మనిషి సంతకం ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. సొంత కష్టంతో సంపాదించిన ఆస్తిని ఎవరికైనా రాయవచ్చు" అని చెప్పాడు.

సాక్షుల్లో ఒకాయన ఊళ్లోనే ఉన్నాడు. "తాత నా కళ్లముందే సంతకం పెట్టాడు" అన్నాడు. మేనమామ విన్నాడు. "మా నాయన మాట నేను కాదనను" అన్నాడు.

"సరే, ఆ తుక్కు నువ్వే ఉంచుకో. పాత ఇనుము కొనేవాడికి వేసెయ్యి. కిలోల లెక్కన నాలుగు డబ్బులొస్తాయి" అన్నాడు బావ.

ఆమెకు డబ్బు అవసరమే. భర్త పట్నంలో కూలికి పోయాడు. ఆ అరెకరం నాలుగేళ్లుగా ఆమే సాగు చేస్తోంది. మిరప పూత మీద ఉంది. ఏటి ఒడ్డుకు కరెంటు లైను లేదు. కిరాయి ఇంజనుకు గంటల లెక్కన కట్టాలి. అప్పటికే రెండు తడుల బాకీ ఉంది. పది రోజుల్లో ఇంకో తడి పెట్టకపోతే పూత రాలిపోతుంది.

ఇంజను అమ్మితే ఈ ఒక్క తడికి డబ్బు వస్తుంది. మరి వచ్చే తడికి? ఆమె ఇంజను అమ్మలేదు.

మేస్త్రి వచ్చాడు

టౌనులో ఒక ఇంజను మేస్త్రి ఉన్నాడు. ఆమె వెళ్లి అడిగింది.

"ఈ పని నాకు నేర్పింది మీ తాతే చెల్లెమ్మా. పద, చూద్దాం" అన్నాడు.

మేస్త్రి ఇంజను చక్రం పట్టుకుని తిప్పాడు. కదల్లేదు.

"పట్టేసింది" అన్నాడు.

"అయితే ఇక పనికిరాదా అన్నా?"

"పట్టేసిన ఇంజను వేరు, పాడైన ఇంజను వేరు. పొగగొట్టానికి మూత పెట్టలేదు. నాలుగు వానాకాలాలు నీళ్లు దిగాయి. లోపల తుప్పు పట్టింది. అది వదిలితే తిరుగుతుంది."

ఇంజను ఎలా నడుస్తుందో మేస్త్రి ఆమెకు చెప్పాడు.

"సైకిలుకు గాలి కొడితే పంపు కింద వేడెక్కుతుంది కదా? గాలిని గట్టిగా నొక్కితే వేడి పుడుతుంది. ఇంజనులో పిస్టను కూడా అలాగే గాలిని నొక్కుతుంది. గాలి బాగా కాలుతుంది. అప్పుడు నాజిలు డీజిలును చిమ్ముతుంది. డీజిలు భగ్గుమని అంటుకుని పిస్టనును కిందికి తోస్తుంది. చక్రం తిరుగుతుంది. అంతే. మంచి గాలి రావాలి. గాలి బాగా నలగాలి. డీజిలు సరిగ్గా అందాలి. ఇంజను నడవలేదంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పింది. ఏది తప్పిందో వెతకాలి."

పని ఎలా చేశారు?

మొదట గాలి వచ్చే దారి చూశారు. గాలి వడపోసే డబ్బాలో ఎలుక గూడు పెట్టింది. పీచు, గుడ్డపేలికలు తీసి శుభ్రం చేశారు.

తర్వాత నాజిలు విప్పారు. ఆ రంధ్రంలోంచి డీజిలు, ఇంజనాయిలు కలిపి కొంచెం పోశారు. తుప్పులోకి నూనె దిగాలి. అందుకు మూడు రోజులు ఆగారు.

"సుత్తితో రెండు దెబ్బలు వేస్తే పోలా?" అన్నాడు గట్టు మీద నుంచి బావ.

"దెబ్బ వేస్తే పిస్టను పగులుతుంది. పూత రాలేలోపు అవుతుందిలే" అన్నాడు మేస్త్రి.

మూడు రోజుల తర్వాత చక్రాన్ని కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు ఊపారు. వెంట్రుకవాసి కదిలింది. మళ్లీ నూనె పోశారు. మర్నాడు చక్రం పూర్తిగా తిరిగింది. నాజిలు బిగించకముందే చక్రం తిప్పి, పోసిన నూనెను బయటికి పంపేశారు. నూనె గాలిలాగా నలగదు. అది లోపల ఉండగా నాజిలు బిగించి తిప్పితే కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది.

కింది ఆయిలు దించారు. పాలలాగా తెల్లగా వచ్చింది. అంటే అందులో నీళ్లు కలిశాయి. అదంతా పారబోసి, లోపల డీజిలుతో కడిగి, కొత్త ఆయిలు పోశారు. ఆయిలు చూసే పుల్ల మీద గీత ఉంటుంది. ఆ గీత దాకా పోశారు.

డీజిలు ట్యాంకు అడుగున కూడా నీళ్లున్నాయి. డీజిలు నీళ్లకన్నా తేలిక. అందుకే నీళ్లు అడుక్కి చేరతాయి. ట్యాంకు కడిగి కొత్త ఫిల్టరు వేశారు.

నాజిలును మేస్త్రి తన షాపులో పరీక్ష చేశాడు. డీజిలు పొగమంచులాగా సన్నగా చిమ్మాలి. దీనిలోంచి చుక్కలు చుక్కలుగా కారింది. కొత్త నాజిలు కొనాల్సి వచ్చింది. ఆమె పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. ప్రతి ఖర్చూ తానే రాసుకుంది.

మేస్త్రి కొత్త నాజిలు బిగించాడు. హ్యాండిలు వేసి మెల్లగా తిప్పి చూశాడు. "బిగువు ఉంది. రింగులు బాగానే ఉన్నాయి. రేపు స్టార్టు చేద్దాం" అన్నాడు.

తొమ్మిదో రోజు

మర్నాడు మేస్త్రి రాలేదు. ఏదో అత్యవసరమై వేరే ఊరు పోయాడని కబురు వచ్చింది. చేలో మిరప ఆకులు వాడిపోతున్నాయి. ఆమె కాసేపు ఆలోచించింది. పైట చుట్టి దోపుకుంది. జుట్టు ముడివేసింది. పంపు నిండా నీళ్లు పోసింది. హ్యాండిలు పట్టుకుంది.

లీవరు ఎత్తి తిప్పింది. వేగం వచ్చాక లీవరు దించింది. ఇంజను రెండుసార్లు మూలిగి ఆగింది. మళ్లీ తిప్పింది. ఆగింది. మూడోసారి కూడా అంతే. చేతులు బొబ్బలెక్కాయి. గట్టు మీద బావ నిలబడి చూస్తున్నాడు.

ఆమె కూలబడింది. తాత నోటుబుక్కు గుర్తొచ్చింది. పిల్లవాడిని పంపి తెప్పించింది. పేజీలు తిప్పింది. తాత ఏ రోజు ఏ పని చేశాడో తేదీ వేసి రాసుకున్నాడు. ఒక చోట ఇలా ఉంది.

'ట్యాంకు కడిగాను. స్టార్టు కాలేదు. పైపులో గాలి. ఫిల్టరు స్క్రూ వదులు చేశాను. బుడగలు పోయాక బిగించాను.'

ఆమె రెండుసార్లు చదివింది. తామూ ట్యాంకు కడిగారు కదా! పదో నంబరు పానా తీసుకుంది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసింది. నురుగు వచ్చింది. బుడగలు వచ్చాయి. కాసేపటికి బుడగల్లేని డీజిలు కారింది. స్క్రూ బిగించింది.

మళ్లీ హ్యాండిలు తిప్పింది. లీవరు దించింది. ఇంజను 'డుబ్' అంది. ఇంకోసారి 'డుబ్ డుబ్' అంది. తర్వాత ఆగలేదు. ముందు తెల్లపొగ వచ్చింది. ఇంజను వేడెక్కాక పొగ పలచబడింది. పైపులోంచి నీళ్లు దూకాయి. వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది.

నీళ్లు బోదెలో పారుతున్నాయి. ఒక చోట గండి పడింది. బావ గట్టు దిగాడు. పార తీసుకుని గండికి మట్టి వేశాడు. ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి ఆమె నోటుబుక్కు తెరిచింది. తాత రాత అయిపోయిన చోట తేదీ వేసింది. కింద ఇలా రాసింది: 'ఇంజను స్టార్టు అయింది. పైపులో గాలి తీశాను.'

గుర్తుంచుకోండి

హ్యాండిలు పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి. హ్యాండిలు వెనక్కు తన్నితే వేలు విరగకుండా ఉంటుంది.

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో, బావి లోపల ఇంజను నడపకూడదు. ప్రాణం పోతుంది.

నాజిలు చిమ్మేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టకూడదు. డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది.

నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా బరువు ఎక్కువైంది. నీలం పొగ వస్తే ఇంజనాయిలు కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తే డీజిలు సరిగ్గా మండడం లేదు.

ఇంజనును చల్లబరిచే నీళ్లు ఆగితే వెంటనే ఇంజను ఆపాలి. కాలిన ఇంజను మీద చన్నీళ్లు పోయకూడదు. పగులుతుంది.

పని లేనప్పుడు పొగగొట్టానికి మూత పెట్టాలి.

మాట్లాడుకోండి

1. వీలునామాలో ఏమేమి ఉండాలి?

2. ఇంజను ఎందుకు పట్టేసింది? అలా కాకుండా ముందే ఏం చేసి ఉండాల్సింది?

3. తాత నోటుబుక్కు లేకపోతే ఆ రోజు ఏమయ్యేది?

4. మీ ఇంట్లో మూలన పడ్డ వస్తువు ఏది? అది పాడైందా, లేక ఆగిపోయిందా?