వ్యాధి జాడలు

అంటువ్యాధిని గూర్చిన చలనచిత్రం చూసేటప్పుడు ప్రేక్షకుని దృష్టి సాధారణంగా వైద్యునిపై, మందుపై నిలుస్తుంది. రోగం ఎవరి నుండి ఎవరికి సోకిందో వెదికేవారి శ్రమ అంతగా కనిపించదు. ఆ శ్రమకే ప్రాధాన్యమిచ్చిన మలయాళ చిత్రం 'వైరస్'. ఆషిక్ అబు దర్శకత్వంలో 2019లో విడుదలైన ఈ చిత్రానికి 2018 మే మాసంలో కేరళలోని కోళిక్కోడ్, మలప్పురం జిల్లాలలో ప్రబలి 17 మందిని బలిగొన్న నిపా వ్యాధి ఆధారం.

చిత్రంలో వైద్య బృందం రోగుల బంధుమిత్రులను ప్రశ్నిస్తుంది. ఎవరు ఏ రోజున ఏ ఆసుపత్రిలో ఎవరి సమీపంలో ఉన్నారో కూర్చి చూస్తుంది. విడివిడిగా కనిపించిన మరణాల మధ్య సంబంధం అప్పుడు బయటపడుతుంది. రోగితో మసలినవారిని గుర్తించి, లక్షణాలు కనిపించే గడువు ముగిసేవరకు గమనిస్తే వ్యాప్తి ఆగుతుంది. ఒకరు ఇద్దరికి, ఆ ఇద్దరు నలుగురికి చొప్పున అంటిస్తూ పోతే పదవ మెట్టుకు ఆ సంఖ్య 1024కు చేరుతుంది. తొలి రోగిని సకాలంలో గుర్తించడం ఎంత విలువైనదో ఈ లెక్కే చెబుతుంది.

ఇట్టి అన్వేషణ మన ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషనరీ సంఘాలు 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలోనే క్షయ చికిత్సాలయాన్ని నెలకొల్పాయి. భారతదేశంలో బి.సి.జి. టీకా 1948లో మొదలైంది మదనపల్లెలోనే. 1950 నుండి డాక్టర్ యొహానెస్ ఫ్రిమోట్-మోలర్ నాయకత్వంలో పరిసర గ్రామాలలో పరిశోధన సాగింది. క్షయ క్రిమి సోకనివారిని పరీక్షతో గుర్తించి, కొందరికి టీకా వేసి, కొందరికి వేయక, ఉభయులను ఏండ్ల తరబడి గమనించారు.

కొందరికి టీకా వేయకపోవడం ధర్మమా అన్న సందేహం కలుగవచ్చు. టీకా ఇక్కడి ప్రజలకు ఎంత మేలు చేస్తుందో అప్పటికి తెలియదు. వేసుకున్నవారిని మాత్రమే చూస్తే, వారికి జబ్బు రాకపోవడం టీకా ఫలమో, యాదృచ్ఛికమో తేలదు. అందుకే పోలిక అవసరమైంది. మదనపల్లెలో కనిపించిన రక్షణ పరిమితమైనదే. 1968లో చెంగల్పట్టులో ఆరంభమైన భారీ పరిశోధనలో, పెద్దల ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. అడ్డుకోలేదని తేలింది. అయినా మెదడు పొరలకు సోకే క్షయ వంటి తీవ్ర రూపాల నుండి శిశువులను కాపాడుతుంది గనుక నేటికీ నవజాత శిశువులకు వేస్తున్నారు. టీకాను ఏ మేరకు నమ్మాలో తెలిపినవి ఓపికతో వేసిన ఈ లెక్కలే.

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా కుప్పం చేరిన ప్రయాణికుడు మరునాడు కోలారులోనో, కృష్ణగిరిలోనో ఉండవచ్చు. వ్యాధికి సరిహద్దులు లేవు. కనుక సమాచారం కూడా సరిహద్దులు దాటాలి. వెలివేస్తారన్న భయం ఉన్నచోట రోగి జబ్బును దాస్తాడు. దాచిన జబ్బు ఏ లెక్కకూ అందదు. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారిని నిందించక, తెమడ పరీక్షకు తోడుగా తీసుకువెళ్లడం విద్యార్థులు చేయగల ప్రజారోగ్య సేవ. క్షయకు ప్రభుత్వ ఆసుపత్రులలో చికిత్స ఉచితం.

ప్రశ్నలు
1. మదనపల్లె పరిశోధనలో కొందరికి టీకా వేయకపోవడానికి కారణమేమి?
2. రోగిని వెలివేయడం వ్యాధి వ్యాప్తికి ఎట్లు తోడ్పడుతుంది?