ఆక్సోలాటిల్‌కు మన ఎండలు పడతాయా?

జువాలజీ మిత్రులకు ఆక్సోలాటిల్ కొత్త కాదు. పరీక్షలో ‘నియోటెనీ’ అని కనబడితే చాలు, ఉదాహరణగా దాని పేరే రాస్తాం. ఇది సాలమాండర్ జాతి ఉభయచరం. పెరిగి గుడ్లు పెట్టే ఈడు వచ్చినా డింభక రూపం వదలదు. ఈకల్లాంటి మొప్పలతో బతుకంతా నీళ్ళలోనే గడుపుతుంది. కాలు తెగితే మళ్ళీ మొలుస్తుంది. ఈ వింతలు చూసి ముచ్చటపడి గాజుతొట్టిలో పెంచుకునేవాళ్ళు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నారు. మన వేసవిలో దాన్ని పెంచగలమా అన్నది మా హాస్టల్లో తరచు వచ్చే వాదన. దానికి జవాబు జువాలజీలో సగం, ఫిజిక్సులో సగం ఉంది.

ముందు దాని పుట్టిల్లు చూద్దాం. మెక్సికో నగరం పక్కన సొచిమిల్కో కాలువలు దాని సొంత ఊరు. సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన ఉన్న చోటు కాబట్టి నీళ్ళు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. తొట్టిలో పెంచేటప్పుడు 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ దానికి హాయి. 24 దాటితే బాధ మొదలవుతుంది.

ఎందుకని? అది శీతరక్త ప్రాణి. నీళ్ళు వేడెక్కితే దాని ఒళ్ళూ వేడెక్కుతుంది, జీవక్రియ జోరందుకుంటుంది, ప్రాణవాయువు ఎక్కువ కావలసివస్తుంది. సరిగ్గా అప్పుడే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర ఏడున్నరే కరుగుతుంది. పైగా విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా వేడినీళ్ళలో మరింత విషం. మేత ముట్టకపోవడం, తోక కొస వంకర తిరగడం, ఒంటిమీద దూదిలాంటి బూజు పట్టడం ప్రమాద సూచనలు.

ఇక చల్లబరచడం. మనకు తెలిసిన మొదటి ఉపాయం మట్టికుండది. కుండ చెమర్చి ఆ తేమ ఆవిరయ్యేటప్పుడు, గ్రాము నీరు సుమారు 580 కెలోరీల వేడిని పట్టుకుపోతుంది. తొట్టి మూత తీసి వల కప్పి, నీటిమీదికి ఫ్యాను గాలి తగిలేలా పెడితే జరిగేదీ అదే. తగ్గిన నీళ్ళు క్లోరిన్ లేనివి పోస్తుండాలి. కానీ దీనికొక హద్దుంది. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపించే అంకె కంటే కిందికి ఆవిరి మనల్ని దించలేదు. గాలి 42 డిగ్రీలుండి తేమ 20 శాతమే అయితే ఆ హద్దు సుమారు 24. కోస్తాలో 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్ననాడు అది 30. అంటే, చలివేంద్రం కుండ దాహం తీరుస్తుంది గాని, ఆక్సోలాటిల్‌ను కాపాడలేదు.

రెండోది ఐసు. 40 లీటర్ల తొట్టిని 30 నుంచి 18కి దించాలంటే 480 కిలోకెలోరీలు లాగెయ్యాలి. కిలో ఐసు కరిగి 18 డిగ్రీలకు వచ్చేసరికి లాగేది 98. కాబట్టి దగ్గర దగ్గర 5 కిలోలు కావాలి, అదీ ఒక్కసారికి! గది వేడి మళ్ళీ లోపలికి వస్తూనే ఉంటుంది. ఐసును తిన్నగా నీళ్ళలో వెయ్యకూడదు. సీసాలో గడ్డకట్టించి, మూత బిగించి, ఒకటొకటిగా దించాలి. నీళ్ళు గబుక్కున చల్లబడినా దానికి దెబ్బే.

మిగిలింది నీటిని చల్లబరిచే యంత్రం, చిల్లర్. నమ్మదగిన దారి అదే. అయితే కరెంటు పోతే అదీ ఆగుతుంది. 24 డిగ్రీల ఏసీ గది మనకు సుఖం. దానికి ఓర్పు చివరి అంచు. తొట్టి ఎండ పడని మూల పెట్టడం, మేత తగ్గించడం, మలినం వెంటనే తీసెయ్యడం ఎలాగూ చెయ్యాల్సినవే.

అసలు సొచిమిల్కోలోనే ఈ ప్రాణి ఆపదలో ఉంది. 1998లో చదరపు కిలోమీటరుకు సుమారు 6,000 ఉన్నవి 2014 నాటికి 36కు పడిపోయాయి. మురికినీళ్ళు, బయటినుంచి తెచ్చి వదిలిన కార్పు, తిలాపియా చేపలు ముఖ్య కారణాలు. కాలువల మధ్య బురదమళ్ళలో (అక్కడ వాటిని చినాంపాలంటారు) సాగుచేసే రైతులు కొందరు శాస్త్రజ్ఞులతో కలిసి, చేపలు రాకుండా కాలువలకు అడ్డుకట్టి దానికి నీడ కల్పిస్తున్నారు. రైతుబిడ్డగా నాకు ఇది గర్వంగా అనిపిస్తుంది.

గొడ్డును కొనేముందు గడ్డివాము, నీళ్ళ తొట్టి చూసుకోమంటాడు మా నాన్న. గేదెకు ఎండ తగిలితే చెరువు వెతుక్కుంటుంది. గాజుతొట్టిలోది ఎక్కడికి పోతుంది? మిత్రులారా, ఆక్సోలాటిల్ కావాలనుకునేవారు ముందుగా ఒక థర్మామీటరు కొనండి. ఏప్రిల్, మే నెలల్లో ఉత్త నీళ్ళ తొట్టిలో దాన్ని వేలాడదీసి, మిట్టమధ్యాహ్నం, అర్ధరాత్రి అంకె రాసుకోండి. రెండు నెలలూ 18 దగ్గర నిలబెట్టగలిగితే అప్పుడు ఆలోచించవచ్చు. లేకపోతే దాన్ని పుస్తకంలోనే చూసి ఆనందించడం దానికీ మేలు, మనకూ మేలు.