పరీక్ష శిక్ష కారాదు: అగ్నిమాపక దళం నేర్పే సహకార పాఠం

పాల శీతలీకరణ కేంద్రంలో అమోనియా లీకయితే మనం మొట్టమొదట కబురు పంపేది అగ్నిమాపక దళానికే. అటువంటి దళంలో యూనియన్‌కు, యాజమాన్యానికి పొత్తు ఎట్లా కుదిరిందో సభ్య సంఘాల వారు తెలుసుకొనుట మంచిదని ఈ పాఠం వ్రాస్తున్నాము. ఉదాహరణ అమెరికాది. నీతి మాత్రం మనకూ వర్తిస్తుంది.

సమస్య

అగ్నిమాపక సిబ్బందికి ప్రాణాపాయం మంటల వల్లనే అనుకుంటాము. కాని అమెరికాలో విధి నిర్వహణలో జరిగిన మరణాల లెక్క చూస్తే గుండెపోటు వంటి ఆకస్మిక హృద్రోగాలదే మొదటి స్థానం. బరువైన దుస్తులు, విపరీతమైన వేడి, నిద్రలో గంట మ్రోగగానే లేచి పరుగెత్తుట, ఇవన్నీ గుండెకు భారమే. కనుక క్రమం తప్పని వైద్య పరీక్ష అవసరం.

చిక్కు ఇక్కడే వచ్చింది. జబ్బు బయటపడితే ఉద్యోగం పోతుందని సిబ్బంది భయం. ఆరోగ్యం సరిగా లేనివాడిని మంటల్లోకి పంపితే పక్కవాడికీ ముప్పేనని అధికారుల భయం. రెండు భయాలూ న్యాయమైనవే.

కుదిరిన ఒప్పందం

1997లో అగ్నిమాపక సిబ్బంది అంతర్జాతీయ సంఘం, అగ్నిమాపక అధిపతుల అంతర్జాతీయ సంఘం కలిసి ఒక ఆరోగ్య, దేహదారుఢ్య కార్యక్రమాన్ని రూపొందించాయి. న్యూయార్క్, ఫీనిక్స్, సియాటిల్, కెనడాలోని కాల్గరీ మొదలైన 10 దళాలు ఇందులో పాలుపంచుకొన్నాయి. ముఖ్య సూత్రాలు మూడు:

1. వైద్య వివరాలు గోప్యంగా ఉంచవలెను.
2. ఫలితాలను శిక్షకు వాడరాదు. లోపం కనబడితే చికిత్స, వ్యాయామం ద్వారా మనిషిని తిరిగి విధికి సిద్ధం చేయవలెను.
3. యూనియన్, యాజమాన్యం ఉభయులూ కలిసి అమలు జరుపవలెను.

ఫీనిక్స్ నగరంలో అలన్ బ్రునాసినీ 1978 నుండి 2006 వరకు దళాధిపతిగా పనిచేశారు. ఆయన కాలంలో అధికారులు, యూనియన్ ప్రతినిధులు ఏటా కూర్చుని ఉమ్మడి లక్ష్యాలు నిర్ణయించుకొనే పద్ధతి స్థిరపడింది. పొత్తు అంటే యూనియన్ తన హక్కులు వదులుకొనుట కాదు. జీతాల బేరం జీతాల బేరమే. ప్రాణరక్షణ విషయాన్ని ఆ బేరంలో పావుగా వాడరాదన్నదే ఇందులోని కీలకం.

మనకు వర్తించు విధము

ఒక శీతలీకరణ కేంద్రానికి మేము తనిఖీకి వెళ్లినప్పుడు వాల్వు వద్ద అమోనియా వాసన తగిలింది. రెండు రోజులుగా వస్తున్నదట. ఎందుకు చెప్పలేదని అక్కడి కార్మికుణ్ణి అడిగాము. "పోయినసారి చెప్పినవాడికే మెమో ఇచ్చారండీ" అన్నాడు. అదృష్టవశాత్తు ఆ రోజు ప్రమాదం తప్పింది. మేము మాత్రం రిపోర్టులో "సిబ్బంది నిర్లక్ష్యము" అని వ్రాసి వచ్చాము. అది నిర్లక్ష్యము కాదు, భయము. ఆ మాట వ్రాయకపోవుట మా పొరపాటు.

కనుక సంఘాలకు, కేంద్రాలకు మా సూచనలు ఇవి. మేనేజరు వైపు ఎందరో కార్మికుల వైపు అందరే ఉండేటట్లు భద్రతా కమిటీ వేయండి. నెలకొకసారి తప్పక కూర్చోండి. లోపాల పుస్తకం ఒకటి తెరిచి, అందులో వ్రాసినవారిపై చర్య ఉండదని పాలకవర్గం చేత తీర్మానం చేయించండి. తెలిసి చేసిన తప్పుకు విచారణ వేరే ఉంటుంది. ప్రతి లోపం ఎదుట ఎప్పుడు సరిచేశారో తేదీ వేయండి. తేదీ పడని పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన కేంద్రంలో లోపం చెప్పినవాడికి మెప్పు వస్తున్నదా, మెమో వస్తున్నదా?
2. గత ఏడాది సిబ్బంది చెప్పిన లోపాలలో ఎన్ని సరిచేశాము?
3. జీతాల విషయంలో తగాదా ఉన్న రోజుల్లో కూడా భద్రతా కమిటీ సాగుతుందా?