కొండ వార్తకు కూలి ఎవరిస్తారు?

డిగ్రీ పూర్తిచేసి, రాయడం మీద ఇష్టంతో విలేకరి అవుదామనుకునే సాలూరు కుర్రాడికి తొందర్లోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ‘యాడ్స్ ఏమాత్రం తేగలవు?’ 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టింది. మిగతా పత్రికలూ అదే దారి పట్టడంతో మండల విలేకరి అవసరమయ్యాడు. పాచిపెంట, మక్కువ లాంటి మండలాల కబుర్లు అచ్చులోకి ఎక్కింది ఆ ఏర్పాటు వల్లే, కాదనలేం. కానీ మండల విలేకరుల్లో ఎక్కువమంది ఉద్యోగులు కారు, కంట్రిబ్యూటర్లు. అచ్చయిన దాన్ని కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్, యాడ్ మీద కమీషన్, పండక్కీ నాయకుడి పుట్టినరోజుకీ టార్గెట్. నిన్న ఎవరి దగ్గర యాడ్ తీసుకున్నారో రేపు వాళ్ల మీదే వార్త రాయాల్సి రావచ్చు.

కొండమీది ఊరు యాడ్ ఇవ్వలేదు. గర్భిణిని డోలీలో మోసుకొచ్చిన ఫొటో ఒకరోజు పడుతుంది. ఆ ఊరి రోడ్డు ఫైలు ఏ ఆఫీసులో ఆగిందో తేల్చే వార్తకు మాత్రం రోజుల తరబడి తిరగాలి, ఆ తిరుగుడికి పత్రిక డబ్బివ్వదు. లాభాపేక్ష లేని సంస్థలు అడుగుపెడుతున్నది ఈ ఖాళీలోకే. అమెరికాలో ఇది పెద్ద ఎత్తున సాగుతోంది. 2017లో మొదలైన రిపోర్ట్ ఫర్ అమెరికా, స్థానిక పత్రికల్లో చేరే యువ విలేకరుల జీతంలో కొంత భాగం భరిస్తోంది. మన దగ్గర ఆ స్థాయిలో లేదు, కానీ దారులున్నాయి.

మొదట తెలుసుకోవాల్సింది పరి గురించి. పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014 డిసెంబరు 20న ప్రారంభించిన ఈ గ్రామీణ భారత భాండాగారంలో ప్రకటనలుండవు, తెలుగులోనూ చదవొచ్చు. కథనాలు పంపడానికి మీకు పత్రిక గుర్తింపు కార్డు అక్కర్లేదు. విద్యార్థుల చేత రాయించి ప్రచురించే విభాగం కూడా ఉంది. గ్రామీణ పేదరికం మీద సాయినాథ్ రాసిన 1996 నాటి పుస్తకంలో కనిపించే కోరాపుట్, సాలూరు నుంచి పి.కోనవలస ఘాట్ ఎక్కి ఒడిశాలోకి దిగితే వచ్చే జిల్లానే. ఆయన దూరం నుంచి వచ్చి రాశారు, మీరు ఇక్కడే పుట్టారు. కథనం పంపేటప్పుడు ఈ సంగతి చెప్పుకోవడానికి మొహమాటపడకండి.

బెంగళూరులోని ఇండిపెండెంట్ అండ్ పబ్లిక్ స్పిరిటెడ్ మీడియా ఫౌండేషన్ 2015 నుంచి స్వతంత్ర మీడియాకు నిధులిస్తోంది. అయితే ఇచ్చేది సంస్థలకు, వ్యక్తులకు కాదు. సొంత యూట్యూబ్ చానెల్ పేరుతో అక్కడికి వెళ్లే బదులు, అలాంటి నిధులతో నడిచే సంస్థల్లో ఉద్యోగం వెతుక్కోవడం మేలు. విలేకరికే నేరుగా సాయపడే వాటిలో నేషనల్ ఫౌండేషన్ ఫర్ ఇండియా పాతది, 1995 నుంచీ ఫెలోషిప్‌లు ఇస్తోంది. ఏదైనా సరే, ఫెలోషిప్ జీతం కాదు. మన సాలూరు లారీకి దొరికిన లోడు లాంటిది, దింపేశాక మళ్లీ ఇంకోటి వెతుక్కోవాలి. అందుకే పార్ట్‌టైమ్ బోధనో, అనువాదమో, స్వచ్ఛంద సంస్థలో డాక్యుమెంటేషన్ పనో పక్కన పెట్టుకోమంటాను. ఇంట్లోవాళ్లు ‘ఇదేం ఉద్యోగం’ అని అడిగితే వాళ్లను తప్పుపట్టలేం.

స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ పథకాల ఒడిలో పెరిగిన మీడియా తెలుగునాట కొత్తేమీ కాదు. చిత్తూరు జిల్లాలో 2001లో ప్రభుత్వ వెలుగు పథకం అండతో వచ్చిన ‘నవోదయం’ పత్రికను గ్రామీణ మహిళలే రాసి నడిపారు. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 2008 అక్టోబరు 15న ప్రారంభించిన సంఘం రేడియోను నడిపింది దళిత మహిళలు. మనకు పొరుగునున్న ఛత్తీస్‌గఢ్‌లో 2010లో వచ్చిన సీజీనెట్ స్వర, ఆదివాసులు ఫోన్‌లో తమ భాషలోనే ఫిర్యాదు చెప్పుకునే వీలు కల్పించింది. ఉత్తరప్రదేశ్‌లో నిరంతర్ అనే సంస్థ 2002లో మొదలుపెట్టిన ఖబర్ లహరియా పత్రిక తర్వాత సొంత కాళ్ల మీద నిలబడింది. ఆ పత్రిక మహిళా విలేకరుల మీద తీసిన డాక్యుమెంటరీ 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

కమ్యూనిటీ రేడియో అనగానే ఉత్సాహపడేవాళ్లకు ఒక హెచ్చరిక. మన దేశంలో ఆ స్టేషన్లు సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదు, ఆకాశవాణి వార్తల్ని యథాతథంగా వినిపించవచ్చు. వాతావరణం, పరీక్షలు, ఆరోగ్యం, స్థానిక సదుపాయాల సమాచారానికి అడ్డులేదు.

ఇంకో చిక్కు డబ్బు వచ్చే చోటు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (2010) మూడో సెక్షన్ ప్రకారం పత్రికల విలేకరులు, సంపాదకులు, యజమానులు విదేశీ విరాళం తీసుకోకూడదు. చేసిన పనికి పారితోషికం వేరు, విరాళం వేరు. మెయిల్లో తీపి కబురు రాగానే సంతకం పెట్టేయకుండా ఒక ఆడిటర్‌కు చూపించండి.

చదువు సంగతికొస్తే, ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం ఉంది. ఇంటికి దగ్గరగా కావాలంటే విజయనగరం దగ్గరి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం చూడండి. 2019లో మొదలైన ఈ వర్సిటీకి 2023 ఆగస్టులో మర్రివలస దగ్గర శాశ్వత క్యాంపస్‌కు శంకుస్థాపన జరిగింది. అయితే ఫెలోషిప్‌కు ఎంపికచేసే సంస్థలు సర్టిఫికెట్ కంటే ఎక్కువగా చూసేది మీరు పట్టుకున్న విషయాన్ని. గిరిజన భూముల బదలాయింపుపై 1/70 చట్టం, షెడ్యూల్డ్ ప్రాంత పంచాయతీలపై 1996 నాటి పెసా, 2006 అటవీ హక్కుల చట్టం, షెడ్యూల్డ్ ప్రాంత గనుల లీజులపై 1997 సమత తీర్పు చదవండి. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో రూ. 5, ఆపైన రూ. 10. ఇంత చవకైన రిపోర్టింగ్ సాధనం ఇంకోటి లేదు, వాడేవాళ్లే తక్కువ.

భాష మరో ఆస్తి. ఆంధ్ర, ఒడిశాల మధ్య వివాదంలో ఉన్న కొటియా గ్రామాల్నే తీసుకోండి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. తెలుగు పత్రికల్లో ఒక కథ, ఒడియా పత్రికల్లో ఇంకో కథ. రెండూ చదవగలిగి, ఊరివాళ్లతో వాళ్ల గిరిజన భాష కువిలో మాట్లాడగలిగే విలేకరి ఢిల్లీలో దొరకడు.

ఫెలోషిప్‌కు పంపే ప్రతిపాదన ఒక పేజీ దాటనివ్వకండి. ఏ ఊరు, ఏం జరిగింది, ఏ కాగితం మీ చేతిలో ఉంది, ఎవరు మాట్లాడతారు, ఎన్నాళ్లు పడుతుంది. ‘గిరిజనుల సమస్యలపై రాస్తాను’ అంటే ఎవరూ చదవరు. బడ్జెట్‌లో జీపు చార్జీ, రాత్రి బస, మాట తర్జుమా చేసేవారి కూలి కూడా వేయండి. తక్కువ చూపిస్తే ఎంపిక చేస్తారని చాలామంది వీటిని వదిలేస్తారు. చూసేవాళ్లకు మాత్రం ఆ మనిషి కొండెక్కడని వెంటనే అర్థమైపోతుంది.