చెక్కబల్లకు బీటలెందుకు? పూడ్చేదెలా?

ఒకే దుంగ నుంచి కోసిన మందపాటి పలకతో చేసిన బల్లను మీరు చూసే ఉంటారు. దాని చివరల్లో సన్నని బీటలు, అక్కడక్కడా ముడులు ఊడిపోయిన గుంటలు ఉంటాయి. రెండింటినీ లప్పం పెట్టి పూడ్చారనుకోండి. గుంటలో పెట్టింది నిలుస్తుంది. బీటలో పెట్టింది మాత్రం తరచు అంచుల వెంట విడిపోయి రాలిపోతుంది. లప్పం ఒకటే, పెట్టిన చెయ్యీ ఒకటే. మరి తేడా ఎక్కడుంది? చెక్కలోని నీటిలో ఉంది.

నీరు పోతే ఏమవుతుంది?

చెట్టు కాండాన్ని సన్నని గొట్టాల కట్టగా ఊహించుకోండి. పచ్చి కలపలో నీరు ఈ గొట్టాల లోపలా ఉంటుంది, వాటి గోడలలోనూ ఉంటుంది. ఆరేటప్పుడు ముందుగా గొట్టాల లోపలి నీరు పోతుంది. అప్పుడు బరువు తగ్గుతుంది గాని కొలత మారదు. ఎండు చెక్క బరువుతో పోలిస్తే నీరు సుమారు 30 శాతానికి దిగాక, గోడలలోని నీరు పోవడం మొదలవుతుంది. చెక్క సంకోచించేది అప్పుడే.

ఈ సంకోచం అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, కేంద్రం నుంచి బెరడు వైపుకు సుమారు 2.5 శాతం తగ్గుతుంది. పొడవులో మార్పు అతి స్వల్పం. చుట్టుకొలత ఎక్కువగా, వ్యాసార్ధం తక్కువగా తగ్గితే చెక్క వ్యాసార్ధం వెంబడి చీలక తప్పదు గదా! పలక చివరల్లో గొట్టాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి కనుక అక్కడ నీరు త్వరగా పోతుంది. బీటలు అక్కడే మొదలవుతాయి.

ఒక చిన్న లెక్క

60 సెం.మీ. వెడల్పున్న టేకు పలకను తీసుకోండి. దాని వెడల్పు వలయాల వెంబడి ఉందనుకుందాం. తేమ 30 శాతం నుంచి సున్నాకు దిగితే సంకోచం 5.8 శాతం. వానాకాలం నుంచి ఎండాకాలానికి తేమ 5 శాతం తగ్గిందనుకుంటే సంకోచం 5.8 × 5/30, అంటే దాదాపు 1 శాతం. 60 సెం.మీ.లో అది సుమారు 6 మి.మీ.! వానలు రాగానే పలక మళ్లీ ఉబ్బుతుంది. ఎండాకాలంలో తెరుచుకున్న బీటలో గట్టి పదార్థం కూరితే, ఉబ్బే చెక్క దానికి ఒత్తుకుని అంచులోని పోగులు నలుగుతాయి. మరుసటి ఎండాకాలానికి అక్కడే కొత్త సందు ఏర్పడుతుంది.

కాబట్టి పూడ్చేముందు పరీక్షించాలి. బీటకు ఇరువైపులా పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టండి. నెలకొకసారి వాటి మధ్య దూరాన్ని కొలిచి తేదీతో రాసుకోండి. దూరం మారుతూ ఉంటే ఆ బీట ఇంకా కదులుతున్నదన్నమాట.

దేనికి ఏది?

సన్నని రంధ్రాలు: వాటి కింద మెత్తని పొడి కొత్తగా రాలుతుంటే లోపల పురుగు ఉంది. ముందు దాని సంగతి చూడాలి. తరువాత అదే చెక్క రంపపు పొట్టును జిగురులో కలిపి కూరాలి. జిగురులోని నీరు ఆవిరైతే ఆ ముద్ద కుంచించుకుపోతుంది. అందుకే కాస్త ఎత్తుగా పెట్టి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దాలి.

ముడి గుంటలు: వీటికి ఎపాక్సీ మంచిది. రెండు ద్రవాలను డబ్బాపై రాసిన నిష్పత్తిలో కలిపితే రసాయన చర్య జరిగి గట్టిపడతాయి. ఆవిరయ్యేది దాదాపు ఏమీ లేదు కనుక సంకోచం చాలా తక్కువ. కాని ఈ చర్యలో వేడి పుడుతుంది. లోతైన గుంటను ఒకేసారి నింపక పొరలు పొరలుగా నింపాలి. చేతి తొడుగులు వేసుకుని, గాలి ఆడే చోట, పెద్దల సమక్షంలోనే ఈ పని చేయాలి.

కదిలే బీటలు: వీటిని పూడ్చకుండా, ఇంకా సాగకుండా ఆపడమే మేలు. బీటకు అడ్డంగా సీతాకోకచిలుక ఆకారంలో గాడి తొలిచి, అదే ఆకారపు గట్టి చెక్కముక్కను బిగిస్తారు. చెక్క తన పోగుల పొడవునా లాగుడుకు బాగా తట్టుకుంటుంది. అందుచేత ముక్కలోని పోగులు బీటకు అడ్డంగా ఉండాలి. అమెరికాకు చెందిన జార్జ్ నకషిమా (1905–1990) ఇలా బీటలను దాచకుండానే అందమైన బల్లలు చేశారు. ఆయన 1964లో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలోనూ పనిచేశారు.

ఆలోచించండి: వానాకాలంలో చెక్క తలుపు వెడల్పులో ఉబ్బి బిగుసుకుంటుంది. ఎత్తులో మాత్రం దాదాపు పెరగదు. ఎందుకు? తలుపు నిలువు చెక్కల్లో పోగులు ఎటు సాగాయో చూస్తే జవాబు మీకే దొరుకుతుంది.