సైన్స్ అండ్ టెక్నాలజీ: సర్వర్ల ఉమ్మడి మెమరీ – సీఎక్స్‌ఎల్

డేటా సెంటర్‌లో మామూలుగా ఏ సర్వర్ ర్యామ్ ఆ సర్వర్‌కే. ప్రాసెసర్ కోర్‌లన్నీ కస్టమర్లకు కేటాయించేశాక మిగిలిన మెమరీ ఊరికే పడి ఉంటుంది. పక్క సర్వర్‌కు అవసరమున్నా అందదు. ఇదే ‘స్ట్రాండెడ్ మెమరీ’. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో ఇది 25 శాతం దాకా ఉండొచ్చని 2023 నాటి ‘పాండ్’ పరిశోధన పత్రం తేల్చింది. పాండ్ అంటే చెరువు. అందరూ తోడుకునే చెరువు నీళ్లలా మెమరీని కూడా సర్వర్లు ఉమ్మడిగా వాడుకోవాలన్నది ఆ పత్రంలోని ఆలోచన. 8 నుంచి 16 ప్రాసెసర్ సాకెట్లకు ఉమ్మడి మెమరీ పెడితే డీర్యామ్ (సర్వర్లలో వాడే ర్యామ్) ఖర్చు 7 శాతం తగ్గుతుందని దాని అంచనా.

ఈ ఉమ్మడి మెమరీకి ఆధారం కంప్యూట్ ఎక్స్‌ప్రెస్ లింక్ (సీఎక్స్‌ఎల్) అనే అనుసంధాన ప్రమాణం. 2019లో ఇంటెల్ చొరవతో వచ్చింది, పీసీఐ ఎక్స్‌ప్రెస్ భౌతిక పొరపై నడుస్తుంది. ఇందులో సీఎక్స్‌ఎల్ డాట్ ఐఓ, క్యాష్, మెమ్ అనే మూడు ప్రోటోకాల్స్ ఉన్నాయి.

అభ్యర్థులు తికమకపడే చోటు ఒకటుంది. పూలింగ్ (2.0 వెర్షన్, 2020)లో ఉమ్మడి నిల్వలోని ఒక భాగం ఒక సమయంలో ఒకే సర్వర్‌ది. షేరింగ్ (3.0, 2022)లో అదే భాగాన్ని పలు సర్వర్లు ఏకకాలంలో వాడుకుంటాయి. ఇబ్బందల్లా ఆలస్యమే: సొంత ర్యామ్ కంటే ఉమ్మడి మెమరీ నెమ్మది.