అధిమంథము: సోమవారము వరకు ఆగని నేత్రరోగము

ఇంద్రియములన్నింటిలో కన్ను ప్రధానమని మన పెద్దలు చెప్పుదురు. అయినను పంటినొప్పికి పరుగెత్తు మనము కంటినొప్పికి మాత్రము "రేపు చూద్దాము" అని ఊరకుందుము. దీర్ఘకాలముగా వైద్యవృత్తిలో ఉన్న నేను కూడ ఒక శనివారము రాత్రి అట్లే అనుకొన్నాను. రోగి మరెవరో కాదు, నా ధర్మపత్ని. ఆ పొరపాటును దాచుకొనక ఈ పాఠములో వివరించుచున్నాను. దీనివలన ఒక్క ఇంటిలోనైనను ఒక కన్ను నిలిచినచో ఈ వ్యాసము సార్థకమగును.

ఆ శనివారము రాత్రి

అది 2018వ సంవత్సరము, కార్తిక మాసము. పౌర్ణమికి ఇంకను ఆరు దినములున్నవి. ఆమెకు అప్పుడు 58 సంవత్సరములు. చాలకాలముగా ప్లస్ పవరు కళ్ళద్దములు వాడుచున్నది. రెండు దినములుగా జలుబు చేసి, మందుల దుకాణములో కొన్న బిళ్ళలు వేసుకొనుచున్నది. వైద్యుని ఇంటిలోనే జరిగిన ఈ సంగతి వైద్యునికి మరునాటి వరకు తెలియలేదు! నక్తము ఉండుటచే పగలు భోజనము లేదు. సాయంకాలము కరెంటు పోగా, చిన్న దీపము ముందు తల వంచుకొని, పౌర్ణమినాటి 365 వత్తులకై దూది పేనుచు సుమారు రెండు గంటలు కూర్చున్నది.

రాత్రి ఎనిమిది గంటలకు కుడి కనుబొమ మీద నొప్పి మొదలై, తలలో సగభాగమునకు వ్యాపించినది. రెండు వాంతులైనవి. ఉపవాసముచే పిత్తము ప్రకోపించి తలనొప్పి వచ్చినదని నేను నిశ్చయించుకొన్నాను. శొంఠి అరగదీసి నుదుట పట్టు వేసినాను. ధనియాల కషాయము ఇచ్చినాను. గదిలో దీపమార్పి, తలుపు దగ్గరగా వేసి, "నిద్రపో, తెల్లవారేసరికి తగ్గుతుంది" అని చెప్పినాను. కంటిని మాత్రము చూడలేదు.

పదకొండున్నర గంటలకు ఆమె నన్ను లేపినది. "ఏమండీ, నొప్పి ఓర్చుకోలేకుండా ఉన్నాను. పూజగదిలో దీపం చుట్టూ రంగురంగుల వలయం కనిపిస్తోంది. ఈ కంటితో మీ ముఖం మంచులో ఉన్నట్టుంది" అన్నది.

అప్పుడు దీపము వేసి చూచినాను. కన్ను ఎర్రబారినది. నల్లగుడ్డు మీద, ఆవిరి పట్టిన అద్దమువలె మసక కమ్మినది. కంటిపాప పెద్దదై, టార్చిలైటు వెలుగు పడినను ముడుచుకొనలేదు. ఎడమ కన్ను మూసి నా వ్రేళ్ళు చూపగా రెండు మూరల దూరములో లెక్కింప లేకపోయినది. నా ఒళ్ళు చల్లబడినది. ఇది తలనొప్పి కాదు, అధిమంథము.

శాస్త్రము చెప్పిన గడువు

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రములో మొదటి 19 అధ్యాయములు నేత్రరోగములకే కేటాయింపబడినవి. అందులో 76 నేత్రరోగములు చెప్పబడినవి. మంథము అనగా చిలుకుట. కంటిని పెకలించునట్లు, కవ్వముతో చిలుకునట్లు, తలలో సగభాగము పగులునట్లు బాధించు రోగము గనుక దీనికి అధిమంథమను పేరు వచ్చినది. వాత, పిత్త, కఫ, రక్త భేదములచే ఇది నాలుగు విధములు. ఉపేక్షించినచో కఫజము ఏడు రాత్రులలో, వాతజము ఆరు రాత్రులలో, రక్తజము ఐదు రాత్రులలో చూపును హరించునని, పిత్తజము అపచారమువలన వెంటనే హరించునని సుశ్రుతుడు గడువు చెప్పినాడు.

మా గురువుగారు శాలాక్యతంత్రము బోధించునపుడు ఈ ఘట్టమునకు రాగానే తాటాకు ప్రక్కన పెట్టి, "ఇక్కడ ఔషధము తరువాత, ముందు రాత్రులు లెక్కపెట్టరా" అనేవారు. అప్పుడు కంఠస్థము చేసితిని గాని, దాని అర్థము మా ఇంటి పడకగదిలో తెలిసినది. మొదటి రాత్రిలో సగము నేనే పోగొట్టితిని.

కంటిలో ఏమి జరుగును?

ఆధునికులు 'గ్లకోమా' అనియు, మన తెలుగువారు 'నీటికాసులు' అనియు చెప్పు రోగములలో హఠాత్తుగా వచ్చు రకముతో అధిమంథమును చాలమంది వైద్యులు పోల్చుదురు. కంటి ముందుభాగములో ఒక స్వచ్ఛమైన ద్రవము నిరంతరము ఊరుచు, నల్లగుడ్డు అంచున ఉన్న సన్నని మార్గము ద్వారా బయటకు పోవుచుండును. కొందరికి పుట్టుకతోనే ఈ మార్గము ఇరుకుగా ఉండును. ప్లస్ పవరు ఉన్నవారి కన్ను సాధారణముగా చిన్నది గనుక వారిలో ఇది ఎక్కువ. నలుబది ఏండ్లు దాటిన స్త్రీలలోను, ఈ రోగము వచ్చినవారి తోబుట్టువులలోను, సంతానములోను కూడ ఎక్కువ.

మసక వెలుతురులో కంటిపాప విప్పారును. కొన్ని రకముల జలుబు మందులు కూడ పాపను విప్పార జేయును. అప్పుడు పాప చుట్టునున్న రంగుపొర ముడతపడి, ఇరుకు మార్గమును మూసివేయును. ద్రవము లోపలనే నిలిచి ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడికి నల్లగుడ్డు నీరుపట్టి దీపము చుట్టు వలయములు కనిపించును. చూపును మోయు నరము నలుగును. నలిగి చచ్చిన నరము మరల బ్రతుకదు. ఇందుకే గంటలు కూడ లెక్కించవలెను.

ఆదివారము

మా ఊరిలోని కంటి ఆసుపత్రికి ఫోను చేయగా, "డాక్టరుగారు ఊళ్ళో లేరు, సోమవారం రండి" అన్నారు. ఆ మాట విని ఊరకుండి ఉన్నచో ఏమగునో తలచుకొన్న ఇప్పటికిని భయము వేయును. పొరుగింటి అబ్బాయిని లేపి, అతని కారులో గుంటూరులోని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోతిని. దారి పొడవున ఆమె తల నా తొడమీద ఉన్నది.

రెండు గంటలకు ఒక యువ వైద్యురాలు కంటి ఒత్తిడి కొలిచినది. సామాన్యముగా 10 నుండి 21 వరకు ఉండవలసినది 54 ఉన్నది. వెంటనే ఒత్తిడి తగ్గించు చుక్కలు, బిళ్ళలు, సెలైను ద్వారా మందు మొదలైనవి. తెల్లవారుసరికి నొప్పి తగ్గినది. మసక విడిన తరువాత, ఆదివారము సాయంకాలము లేజరు కిరణముతో రంగుపొరలో సూదిమొనంత రంధ్రము చేసి ద్రవమునకు దారి కల్పించినారు. రెండవ కంటికి కూడ అదే ప్రమాదము ఉండును గనుక కొద్దిరోజుల తరువాత దానికిని చేసినారు.

ఇంటివారు చేయవలసినవి

1. కంటినొప్పితోపాటు వాంతి, ఎరుపు, మసక, దీపము చుట్టు వలయములు ఉన్నచో వెంటనే కంటి వైద్యుడున్న ఆసుపత్రికి బయలుదేరవలెను. ఒకచోట తలుపు మూసియున్నచో పెద్ద ఊరికి పోవలెను. వాహనము లేనిచో 108కు ఫోను చేయవచ్చును.

2. సగము తలనొప్పి అని చెప్పిన ప్రతివారి కన్నులను దీపము వేసి చూడవలెను. ఒక్కొక్క కన్ను మూసి చూపు పరీక్షింపవలెను. రెండు కన్నులు తెరచి చూచినచో మంచి కన్ను చెడ్డకంటి లోపమును కప్పివేయును.

3. రోగిని చీకటి గదిలో ఉంచరాదు. దీపము వెలుగుచుండవలెను. కంటికి కట్టు కట్టరాదు. వీలైనంతవరకు వెల్లకిల పడుకొననీయవలెను. వాంతి వచ్చునపుడు మాత్రము ప్రక్కకు త్రిప్పవలెను.

4. వాడుచున్న మందులన్నియు, జలుబు బిళ్ళలతో సహా, వెంట తీసుకొనిపోవలెను. ఉబ్బసము, మూత్రపిండముల వ్యాధి, గుండెజబ్బు, సల్ఫా మందులు పడకపోవుట ఉన్నచో ముందుగనే చెప్పవలెను. ఒత్తిడి తగ్గించు మందులలో కొన్ని వారికి కీడు చేయును.

5. తేనె, ఆముదము, తల్లిపాలు, నందివర్ధనపు పూలరసము, పన్నీరు మొదలగునవి కంటిలో వేయరాదు. వెనుకటి చుక్కల సీసా వాడరాదు. త్రిఫలా కషాయముతో కడిగినచో తగ్గునని కాలము వ్యర్థపరచరాదు. త్రిఫలను నిత్యము కొలుచు నేనే ఈ మాట చెప్పుచున్నాను.

నొప్పి లేకుండ వచ్చు ఆపదలు కూడ ఉన్నవి. ఒక కంటి చూపు హఠాత్తుగా పోవుట, మెరుపులతోపాటు నల్లని చుక్కలు ఒక్కసారిగా ఎక్కువగుట, చూపునకు అడ్డముగా తెర దిగినట్లుండుట కనిపించినచో కూడ అదే దినము వైద్యుని చేరవలెను. సున్నము, యాసిడ్ వంటివి పడినచో ముందు ధారాళముగా మంచినీటితో అరగంట కడిగి, ఆ పిమ్మట బయలుదేరవలెను.

ప్లస్ అద్దములు వాడుచు నలుబది దాటినవారు, ఈ రోగము వచ్చినవారి రక్తసంబంధులు ఒకసారి కంటి వైద్యునిచే ఈ మార్గమును పరీక్ష చేయించుకొనుట మంచిది. ఇరుకని తేలినచో రోగము రాకముందే లేజరు చేయవచ్చును. మా ఇంటిలో ఆమె చెల్లెలికి అట్లు తెలిసినది.

ఇప్పటి సంగతి

ఆమె కన్ను నిలిచినది. కాని కుడికంటి చూపు పరిధిలో కొంత భాగము తిరిగి రాలేదు. రెండు కన్నులతో చూచునపుడు తెలియదు. ఎడమ కన్ను మూసినచో ముక్కు వైపున ఉన్న వస్తువు కనిపించదు. ఆ కొంత భాగము, నేను నిద్రపొమ్మని చెప్పిన ఆ మూడున్నర గంటల మూల్యమేమో అని నాకు తోచును. ఆమె ఎన్నడును ఆ మాట అనలేదు.

ఏటేటా కార్తికములో 365 వత్తులు నేటికిని ఆమెయే చేయును. అయితే ఇప్పుడు మధ్యాహ్నపు వెలుతురులో, వరండాలో కూర్చుని చేయును. దూది విడదీసి అందించుట నా వంతు.